విరగ్గొట్టని పుల్ల

కొలిచిన పుల్లను పని కాంగనె విరగ్గొట్టి సరేసు బంక కాచే కుంపట్ల ఎయ్యాలె. మా వడ్లోళ్ల కర్రపనిల ఇది మా మామ పెట్టిన కాయిదా. నేను వినలే. వినకపోతె ఏమైందో చెప్పెతందుకే ఈ నాలుగు కాయితాలు రాస్తున్న. రెండో జమాత్ దాంక చదివినదాన్ని, అచ్చరాలు వంకరుంటె సదురుకోండ్రి. మాట మాత్రం వంకర లేదు.

మీరు ఇప్పుడు ఇనుప టేపు సర్రున గుంజుతరు, అంకె చూసి రాసుకుంటరు. రాసిన కాయితం పోతె మల్ల పోయి కొలుస్తరు. మాకు మల్ల పోవుడు లేకుండె.

పట్టీ అంటె తెల్వనోళ్లకు జర చెప్త. తలుపు చౌకట్‌కు, గోడకు నడుమ సందు ఉంటది. సున్నం ఎంత మెత్తినా ఏడాది తిరిగేసరికి పగులుతది. ఆ పగులు కానరాకుంట చుట్టూ చెక్కిన సన్న కర్ర కొడ్తరు. అదే పట్టీ. చీరెకు అంచు ఎట్లనో తలుపుకు, కిటికీకి పట్టీ అట్ల. గోడ నేలకు ఆనేకాడ సుత కొడ్తరు, కడిగిన నీళ్లు సున్నానికి తాకకుంట. గోడ కట్టినోడు తప్పు చేసినా, చౌకట్ నిలబెట్టినోడు తప్పు చేసినా పట్టీ కప్పుతది. పట్టీ కొట్టెటోని తప్పును కప్పెతందుకు మాత్రం ఇంకో పట్టీ లేదు.

మా ఇంటాయన నా ఇరవై రెండో ఏట జరంతోటి పోయిండు. ఇద్దరు ఆడపిల్లలు. ఇంట్ల మొగదిక్కు అంటె మా మామ ఒక్కడే. హుస్సేనీ ఆలం దిక్కు నవాబుల దేవిడీలల్ల ఏ దొడ్డ తలుపు చూసినా, "దీని పట్టీ ఫలానా మేస్త్రీ చేతిది" అని ఆయన పేరు చెప్పెటోళ్లు. పట్టీ మీద ఆయన తీసిన గీత నీళ్ల తీరుగ జారేది. చెయ్యి పెడితె ఆగేది కాదు.

దేవిడీలల్ల జనానా పర్దా గట్టిది. ఆడోళ్లు ఉండే దిక్కు పరాయి మొగోడు అడుగు పెట్టరాదు. వడ్లాయన కొలతకు ఒకపారి, కోసి చూసుకునెతందుకు ఇంకోపారి, కొట్టెతందుకు మరోపారి వస్త అంటె నడువది. అన్నిసార్లు ఆడోళ్లు అర్రలు ఖాళీ చేసి పోతరా? అందుకని మా మామ నన్ను కొలతకు తోల్తుండె. నేను ఆడదాన్ని గనక లోపలికి పోవచ్చు. కొలిచి తెస్తె ఆయన బయటనే పట్టీలు తయారు చేసి పెడ్తడు. ఆఖరుకు ఒక్క రోజు, పొద్దుటి పూట, ఆడోళ్లు అవతలి వాకిట్లకు జరుగుతరు. వాకిలి కాచే దర్బాను "పర్దా" అని కేక పెడ్తడు. గప్పుడు మొగోళ్లు లోపలికి పోయి కొట్టి రావాలె. కోసుకునుడు, దిద్దుకునుడు ఏదీ ఉండది. నా కొలత నిజమైతె పట్టీ కూసుంటది. లేకుంటె లేదు.

కొలిచెతందుకు మేదరోళ్ల కాడ సన్న వెదురు పుల్లలు తెచ్చేది. ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క పుల్ల. చౌకట్‌కు పెట్టి, సరింగ కొస కాడ కోసేది. మొదటి తలుపైతె పుల్ల మీద ఒక గాటు, రెండోదైతె రెండు. మీదికి వచ్చే అడ్డపట్టీ అయితె చివర్ల చిన్న చీలిక. అంకెలు రాసుడు నాకు వచ్చు. రాస్త అన్న సుత.

"సిరా కండ్లతోటి చదవాలె బిడ్డా. గాటైతె వేలు చదువుతది" అన్నడు మామ.

గప్పుడే నాకు సమజ్ అయింది, ఆయన కండ్లు పోతున్నయని.

రెండు కండ్లకు పొరలు దిగినయి. మొదట దూరపుది పోయింది, మల్ల దగ్గరిది పోయింది, ఆఖరుకు ఎలుగు చీకటి తప్ప ఏం మిగలలే. దవాఖానకు పోదామంటె, "కత్తి పెట్టి గీకుతరు. నేను జిందగీల ఎన్ని కర్రలు గీకిన్నో నాకెరుక, అన్నీ మంచిగ రాలే" అన్నడు. బయట చెప్పొద్దన్నడు. చూపు లేని వడ్లాయనకు ఎవరు తలుపు అప్పజెప్తరు? ఆయనకు పని పోతె నా కొలత ఎవరికి కావాలె? ఆ పేరు మీదనే మా నలుగురి బువ్వ ఉండె.

మూడేండ్లు దాచినం. ఎట్ల దాచినమంటె మీకు నవ్వు వస్తది. బజార్ల నడిచేటప్పుడు ఆరడుగుల పట్టీ ఒకటి భుజాన పెట్టుకునేది. ముందు కొస నా భుజం మీద, ఎనుక కొస ఆయన భుజం మీద. నేను కుడికి తిరిగితె కర్ర తిరుగుతది, ఆయన తిరుగుతడు. నేను ఆగితె ఆయన ఆగుతడు. పత్తర్‌గట్టి నడిబజార్ల, జట్కాల నడుమకెల్లి గట్లనే పోయినం. దుకాండ్లోళ్లు "సలాం మేస్త్రీ" అంటె, ఆ గొంతు దిక్కు మొగం తిప్పి "సలాం సాబ్" అనెటోడు. ఎవ్వలకు అనుమానం రాలే. మోసుకపోనీకి పట్టీ లేకుంటె ఊరికెనన్న ఒక కర్ర మోసుకపోయినం.

పని ఆయన చేతులు చేసేటియి. నేను పుల్ల అందిస్త, ఆయన బొటనవేలు గాట్లు లెక్కపెడ్తది. పుల్లను కర్ర మీద పెట్టి, గోటితోటి గీరి కోస్తడు. రందా పట్టి నున్నగ చేసినంక చెంపకు ఆనించి చూస్తడు. చెంపకు తెల్సినంత కంటికి తెల్వదట. నిజమే కావచ్చు. ఆ మూడేండ్లల్ల చేసిన పట్టీలే ఆయన చేసినయాట్ల మేలైనయి.

ఇగ నా సంగతి. నాకు పారేసుడు చాతగాదు. ఇప్పటికి సుత కట్టిన దారం ముడి ఇప్పి సుట్ట సుట్టి పెడ్త, కోసేది లేదు. పుల్ల మంచిగున్నది, గట్టిగున్నది, ఎందుకు విరగ్గొట్టాలె? ఈ ఇంట్ల ఐదడుగుల పుల్ల, ఇంకో ఇంట్ల నాలుగున్నరకు కోసుకోవచ్చు గద! మామకు చెప్పకుంట పాత పుల్లలు అటుక మీద దాస్తుంటి. పొయ్యి పొగకు నల్లగయితె కత్తితోటి గీకి తెల్లగ చేసేది. ఆయనకు కండ్లు లేవు, చూడడు. ఈ మాట రాస్తుంటె ఇప్పుడు సుత నా చెయ్యి ఆగుతది.

ఇట్ల ఉండంగ ఒక పెద్ద దేవిడీల పని వచ్చింది. అవి జంగ్ రోజులు. టేకు కర్ర ఫౌజుకు పోతుండె, బజార్ల మామిడి చెక్క దొరికినా భాగ్యమే. ఆ ఇంటి బేగం సాబ్ బిడ్డకు లగ్గం పెట్టుకున్నరు. జనానాల తలుపులు, కిటికీలు కలిపి తొమ్మిదింటికి కొత్త పట్టీలు కావాలె. కర్ర ఏడ అంటె, దేవిడీ ఎనుకకెల్లి ఒక పాత దూలం తీయించింది.

వెదురు చిక్కు తెర అవతలికెల్లి బేగం సాబ్ గొంతు ఇప్పటికీ నా చెవుల ఉన్నది. గట్టిగ మాట్లాడది, కని ఎవ్వలు మల్ల అడుగరు.

"ఈ దూలం మూసీ వరదల కూలిన పాత మహల్‌ది. మా మామగారు నీళ్లల్లకెల్లి గుంజి తీయించిండు. ఇంతకాలం దీన్ని ముట్టనియ్యలే. నా బిడ్డ దుల్హన్ అయి ఈ తలుపు దాటాలె, ఈ కర్ర కిందికెల్లి. మీ మామ చెయ్యి తప్ప వేరే చెయ్యి దీని మీద పడొద్దు."

"గట్లనే అమ్మా" అన్న.

ఆ దేవిడీల లెక్కలు చూసే మున్షీ ఒకడుండె. బక్కగ, ఎప్పుడూ మెడ ముందుకు సాపి నడుస్తడు. ఆయనకు బహదూర్‌పురా మేస్త్రీని పెట్టాలని ఉండె. తోవల నన్ను ఆపిండు.

"ఏందమ్మా, మీ మేస్త్రీకి కనపడ్తలేదని విన్న?"

"ఎవరన్నరు సాబ్?"

"అందరు అంటున్నరు. మొన్న సలాం చేస్తె గోడ దిక్కు చూసి సలాం చేసిండట."

"గోడ కట్టిన తీరు చూస్తుండొచ్చు సాబ్. ఆయన చూపు నాకంటె మంచిగున్నది."

కండ్లల్లకు చూసి అబద్ధం చెప్పిన. నాకు అబద్ధం వస్తదని ఆనాడే తెల్సింది.

కర్ర కోసినంక లెక్క చూస్తె, తొమ్మిది చౌకట్లకు సరిగ్గ సరిపోయేటట్టు ఉన్నది. అన్నిట్ల పెద్దది మూడో తలుపు, దాలానుది, లోపలి పెద్ద వసారాది. దుల్హన్ దాటేది అదే. దాని మీది అడ్డపట్టీకి దూలంల నడిమి ముక్క, ఒక్క ముడి లేనిది, మామ వేరేగ పెట్టిండు. అది ఖరాబైతె దాని జోడు ముక్క ఇంకోటి లేదు.

పని దేవిడీ బయటి వాకిట్ల నడిచింది. మాతోటి పాలిష్ చేసే భాయ్ ఒకాయన ఉండె. ఎర్రటి పండ్లు, నోట్లె ఎప్పుడూ పాన్. మా మామను ఉస్తాద్ అంటడు, నన్ను బహెన్ అంటడు.

"ఉస్తాద్, మీ కోడలు మొగం మీద జర రందా పట్టుండ్రి. నవ్వు ఏడనన్న లోపల ఉంటె బయటికొస్తది" అనెటోడు.

"నీ పాన్ దూరంగ ఊసుకో భాయ్. పాలిష్ ఏదో, ఉమ్మేదో ఎరుక పడ్తలేదు" అంటి.

"ఇగో, నవ్వించింది గాని నవ్వలే!" అని ఆయనే నవ్వుకునెటోడు.

వాగుడు మనిషి అనుకుంటి. ఒకనాడు చాయ్ తెచ్చి మామ ముందల పెట్టిండు. మామ చెయ్యి కప్పు కోసం నేల మీద దేవులాడింది. భాయ్ చూసిండు. తెల్లారికెల్లి చాయ్ తెస్తె కప్పును సాసర్ల టక్కుమని సప్పుడొచ్చేటట్టు, మామ కుడిచేతి పక్కన పెట్టుడు షురూ చేసిండు. నేను ఆయన దిక్కు చూస్తె, "క్యా హై బహెన్, నాకు నెమ్మదిగ పెట్టుడు రాదు" అన్నడు.

కొలతలు నేను మంచిగనె తీసిన. మూడో తలుపు అడ్డపట్టీకి రెండుమార్లు పెట్టి చూసిన. ఇంటికి పోయినంక కొత్త పుల్లలు అటుక మీద పెట్టిన, పాతయాటి పక్కనే. వెనుకటి ఇంటి పుల్లలు ఇంకా ఆడనే ఉండె, గీకి తెల్లగ చేసినయి. ఆ ఇంట్ల సుత మూడో తలుపు ఉండె. దానికీ మూడు గాట్లే, చివర్ల చీలికే. తెల్లారి దేవిడీకి పోయే తొందర్ల, మీదికి చెయ్యి సాపి, గాట్లు చూసి ఒక్కొక్కటి తీసి కట్ట కట్టుకున్న. మూడు గాట్లది చేతికి ఏది ముందుగ అందిందో అదే తీసుకున్న.

మామకు పుల్లలు అందియ్యంగ ఆ ఒక్కదాని కాడ ఆయన చెయ్యి ఆగింది. అటిటు తిప్పిండు.

"ఈ పుల్ల తేలికగున్నదేంది బిడ్డా? ఎండిపోయినట్టున్నది."

"ఎండకాలం గద మామా. పుల్ల ఎండదా?"

జర కటువుగనె అన్న. నా కొలతను అనుమానిస్తున్నడని కోపమొచ్చింది. ఇంటి బరువు మోసేదాన్ని నేను, ఈ ముసలాయన ఇంకా పుల్లలు తూస్తుండు అనుకున్న. ఆయన నడిమి ముక్కను ముందలికి తీసుకొని, పుల్ల పెట్టి, గోటితోటి గీరి, రెండు కొసలు ఏటవాలుగ కోసిండు. ఎనిమిది రోజులు ఆ ఒక్క పట్టీకే కూసున్నడు. గీత మీద గీత తీసి, చెంపకు ఆనించి, మల్ల తీసి. పాలిష్ భాయ్ దాన్ని చేతులకు తీసుకొని, "ఉస్తాద్, దీనికి నేను పాలిష్ పెట్టుడు గునా, పాపం తగుల్తది" అన్నడు. మా ఇంటాయన పోయినంక మామ మొగంల అంత సంతోషం నేను మల్ల చూసింది ఆ రోజే.

కొట్టే రోజు వచ్చింది. పొద్దుగాల దర్బాను కేక పెట్టిండు. ఆడోళ్లు అవతలికి జరిగిండ్రు. బేగం సాబ్ మాత్రం దాలాను కొసకు చిక్కు తెర ఎనుక కూసున్నదని లోపలి పనిమనిషి దాయి వచ్చి చెప్పింది, కండ్లార చూస్తదట. మున్షీ చేతులు ఎనుకకు పెట్టుకొని నిలబడ్డడు.

మామ బల్ల మీదికి ఎక్కిండు. నేను పట్టీలు వరుసగ అందిస్తున్న, భాయ్ మొలలు అందిస్తుండు. ఒకటో తలుపు, రెండో తలుపు, అటెనుక కిటికీలు. మూల మూలకు పట్టీ పట్టీతోటి అతికితె ఎంటిక దూరలే. మున్షీ మెడ సాపుకుంట ప్రతి మూలా చూసిండు. అనెతందుకు ఏం దొరకలే. దాలాను తలుపు ఆఖరుకు ఉంచుకున్నడు మామ. నిలువు పట్టీలు రెండు దిక్కులా కూసున్నయి. అడ్డపట్టీ నేను, భాయ్ ఇద్దరం లేపి ఇచ్చినం.

ఎడమ మూల అతికింది. కుడి మూల కాడ మామ చెయ్యి పట్టీ కొస దాంక పోయి, కొస దాటి, సున్నం మీద పడ్డది.

బెత్తెడు పొట్టి.

 అవతలి వాకిట్ల ఎవరో పిల్ల నవ్విన సప్పుడు ఇనొచ్చింది, అంతే.

"ఎవరు కొలిచిండ్రు?" అన్నడు మున్షీ.

పుల్లల కట్ట నా చేతుల్నే ఉన్నది. మూడు గాట్ల పుల్ల దిక్కు చూసిన. పుల్ల తెల్లగున్నది, గాట్లల్ల మాత్రం నల్లటి మసి ఉన్నది. మీద గీకిన గాని గాట్ల లోపలికి నా కత్తి పోలే. నా పొయ్యి మసి అది. ఒక్క గడియల అంతా ఎరుకైంది. నోరు తెరిచిన. ఏం రాలే.

ఒక జనానాల అన్న మాట పల్లకీల ఎక్కి పది జనానాలకు పోతది. "ఆ ఆడమనిషి కొలత తప్పు" అన్నరంటె ఇగ నన్ను ఎవ్వలు గడప తొక్కనియ్యరు. ఇద్దరు పిల్లలు ఇంటికాడ ఉన్నరు. ఇవన్నీ ఆలోచించుకొని నోరు మూసుకున్ననని చెప్తె మీరు నమ్ముతరు. నిజం అది కాదు. భయమైంది, అంతే. ఆలోచన ఎనుక పుట్టింది.

మామ బల్ల దిగి చెయ్యి సాపిండు. "పుల్ల ఇయ్యి బిడ్డా."

ఇచ్చిన. బొటనవేలు గాట్ల మీదికెల్లి పోయింది. ఒకటి, రెండు, మూడు. అటెనుక పుల్లను ముక్కు కాడికి తీసుకపోయిండు. పొయ్యి పొగ వాసన అది. పచ్చి వెదురుకు ఆ వాసన రాదు. ఆయన మొగం నా దిక్కు తిరిగింది. కండ్లు లేని మనిషి నన్ను చూసినట్టు జిందగీల ఎవ్వలు చూడలే.

మోకాలు మీద పెట్టి పుల్లను రెండు ముక్కలు చేసిండు. మల్ల నాలుగు చేసిండు.

"కోడలు కొలత మంచిగనె ఉండె సర్కార్" అన్నడు చిక్కు తెర దిక్కు మొగం పెట్టి. సరిగ్గ అదే దిక్కు పెట్టిండు. "కోసుడు నేనే తప్పిన. నాకు కండ్లు లేవు. మూడేండ్లయితుంది."

మున్షీ ముందుకొచ్చిండు. ఆయన ఎదురు చూసిన మాట అది. కని అంత అల్కగ దొరికేసరికి నమ్మబుద్ధి కాలేదేమో. మామ మొగం ముందల చెయ్యి పెట్టి, "ఎన్ని వేళ్లు చెప్పు మేస్త్రీ" అన్నడు.

"వేళ్లు ఏమో సాబ్, చెయ్యి ఉన్నదా లేదా నాకు తెల్వది."

నాకు నవ్వొచ్చినట్టయింది. అట్లాంటప్పుడు మనిషికి ఏమేమో అయితది.

"మరి ఇన్నేండ్లు ఎట్ల చేసినవయ్యా? దగా కాదా ఇది?"

"దగానే సాబ్. ఆ ఎనిమిదింటిల సుత తప్పుంటె తీసెయ్యుండ్రి."

ఎనిమిదింటి దిక్కు ఎవ్వలు చూడలే. అందరు ఆ బెత్తెడు సున్నం దిక్కే చూస్తున్నరు. భాయ్ ఒక్కడు నా చేతిల కట్ట దిక్కు చూసిండు. విరిగిన ముక్కల గాట్లల్ల మసి ఉండుడు, మిగిలిన పుల్లల గాట్లు తెల్లగ ఉండుడు చూసిండు. తల వంచుకొని మొలలు డబ్బాల ఏరి పెట్టుకున్నడు.

తెర ఎనుకకెల్లి గొంతు వచ్చింది.

"ఆ అమ్మ కొలత నిజమైతె ఆమెను రానియ్యుండ్రి. కొత్త మేస్త్రీకి సుత ఆమెనే కొలుస్తది. ఇగ మేస్త్రీ..." అని ఆగింది. "మేస్త్రీ, నాకు చెప్పి ఉంటె నీ చేతులకే ఇస్తుంటి. దాచినవు. ఆ కర్ర మల్ల రాదు."

మామ సలాం చేసిండు.

పొట్టి పట్టీని మున్షీ మాకే తీసుకపొమ్మన్నడు, కండ్ల ముందల ఉండొద్దని. లగ్గంనాడు ఆ తలుపు మీద బహదూర్‌పురా మేస్త్రీ అతుకుపెట్టిన వేరే కర్ర కొట్టిండట. అతుకు కానరాకుంట మల్లెపూల దండలు ఏలాడగట్టిండ్రట. దాయి చెప్పింది.

తోవల నేను పాత తీరుగనే పట్టీ ముందు కొస భుజాన పెట్టుకున్న. మామ ఎనుక కొస పట్టుకోలే. ముందుకు వచ్చి నా భుజం మీద చెయ్యి ఏసిండు.

"ఇగ కర్ర ఎందుకు బిడ్డా? అందరికి ఎరుకాయె."

పట్టీని నేనొక్కదాన్నే సంకన పెట్టుకొని నడిచిన. పత్తర్‌గట్టిల "సలాం మేస్త్రీ" అన్నోళ్లు మా దిక్కు చూసి ఆగిండ్రు. కోడలు భుజం పట్టుకొని మామ నడుచుడు అంతకు ముందు ఎవ్వలు చూడలే. ఎనుకకెల్లి ఒకడు "అయ్యో, గుడ్డోడా!" అన్నడు. నా భుజం మీది చెయ్యి జరంత బిగిసింది. మల్ల వదులయ్యింది.

ఇంటికొచ్చి అటుక ఎక్కిన. ఆడనే ఉన్నది అసలు పుల్ల, మూడు గాట్లతోటి, బెత్తెడు పొడుగ్గ. దాన్ని విరగ్గొట్టి పొయ్యిల ఏసిన. పాతయన్నీ ఏసిన. ఆ పూట బువ్వ ఆ పుల్లల మంట మీదనే ఉడికింది. పిల్లలకు పెట్టిన. నేనూ తిన్న. ఆకలైతది మనిషికి.

వారం పది రోజులకు పాలిష్ భాయ్ మా గల్లీకి వచ్చిండు, మామకు పాన్ తీసుకొని. పోయేటప్పుడు గల్లీ మొగదల నన్ను పిలిచి మెల్లగ అన్నడు, "చెప్పవలసి ఉండె బహెన్."

"తెల్సు భాయ్."

"నేనూ చెప్పొచ్చు ఉండె. నాకు సుత నోరు రాలే. నవ్వులాట్లకు ఎంత పెద్ద నోరు నాది!" అని తల కొట్టుకుంట పోయిండు.

నా పని ఆగలే. ఎక్కువైంది. బేగం సాబ్ మాట మీద కొత్త కొత్త దేవిడీలకు పిలిచిండ్రు. బహదూర్‌పురా మేస్త్రీకే పుల్లలు ఇచ్చిన. పర్దాలు పోయి, దేవిడీలు అమ్ముడుపోయే దాంక కొలిచిన. పిల్లలను పెంచిన. ఒక్క పుల్ల తప్పలే. ప్రతి పుల్లా పని కాంగనె విరగ్గొట్టిన. మెచ్చుకునెటోళ్లు మెచ్చుకున్నరు. మెచ్చుకున్నప్పుడల్ల నాకు మసి వాసన వచ్చేది.

ఆ లగ్గం అయినంక మామ మూడేండ్లు బతికిండు. అరుగు మీద కూసునెటోడు. వచ్చి పోయెటోళ్లు "ఏం మేస్త్రీ, ఎన్ని గంటలైంది?" అని ఎక్కిరిస్తె, ఎండ మొగానికి ఏ దిక్కున తాకుతుందో చూసి సరిగ్గ చెప్పెటోడు. ఒక్కపారి నేను ధైర్యం చేసిన. బువ్వ పెడ్తూ, "మామా, ఆ పుల్ల..." అన్న.

"విరిగింది గద బిడ్డా. విరిగిన పుల్ల మాట ఎందుకు?" అన్నడు. పచ్చిపులుసు ఇంకొంచెం పొయ్యమన్నడు.

ఆ పొట్టి పట్టీ మూలకు నిలబడే ఉండె. ఒకనాడు మధ్యాహ్నం దాన్ని తెమ్మన్నడు. మా ఇంటి తలుపు చిన్నది, చౌకట్ చుట్టూ సందే, ఏనాడూ పట్టీ లేదు. వడ్లోళ్ల ఇంటికి తలుపు ఉంటె చాలు, అంచు ఎందుకని. తడిమి తడిమి, కింద జరంత కోసి, కుడి దిక్కు నిలువుగ కొట్టిండు. దుల్హన్ తల మీద ఉండాల్సిన గీత మా చీపురు పక్కన నిలబడ్డది. వేలుతోటి కిందికెల్లి మీది దాంక ఒకపారి నిమిరిండు.

"ఇగ ఎడమ దిక్కు. నువ్వు కొలిచి పుల్ల తే బిడ్డా, కర్ర ఏదన్న సరే, నేను కోస్త."

ఆ రోజే కొలిచిన. మూడుమార్లు కొలిచిన. పచ్చి పుల్ల, ఒకటే గాటు. కని ఆయన చేతికి ఇచ్చుడు నాతోటి కాలే. ఆ బొటనవేలు మల్ల నా గాటు మీదికి వచ్చుడు, ఆయన దాన్ని ముక్కు కాడికి తీసుకపోవుడు... పొద్దుటికి ఇస్త అనుకున్న. నెల పోయింది.

"పుల్ల తెచ్చినవా బిడ్డా?"

"కర్ర లేదు మామా. జంగ్ అయిపోనియ్యి."

జంగ్ అయిపోయింది. "ఇప్పుడు కర్ర దొరుకుతుందట గద" అన్నడు. "పిరం ఉన్నది మామా" అన్న. నా పొదుపు అందరికి ఎరుకే గనక ఆ మాట నమ్మేటట్టే ఉండె. ఆయన నమ్మిండో లేదో తెల్వది. పోయే ముందటి వారం సుత అడిగిండు. పండుకొని, కుడిచేతి వేళ్లు చాప మీద గీరుకుంట, "పుల్ల?" అన్నడు.

"తెస్త మామా" అన్న.

ఇప్పుడు ఈ ఇల్లు చూడొచ్చినోళ్లందరు తలుపు చూసి నవ్వుతరు. ఒక్క దిక్కు నవాబుల పట్టీ, ఒక్క దిక్కు పగిలిన సున్నం. మనుమలు ఎడమ దిక్కు కొట్టిస్తమంటరు. పాడు ఖర్చు, ముట్టొద్దన్న. ముసలిదాని పిసినారితనం అనుకుంటరు. అనుకోనీ.

ఎడమ దిక్కుకు కొలిచిన ఆ ఒక్క గాటు పుల్ల ఇంకా చౌకట్ మీదనే ఉన్నది, కుడి పట్టీ ఎనుక నేను దోపిన కాడనే. ఎండి తేలికైంది. పని అయినంకనే గద విరగ్గొట్టేది.